పాతర గడ్డికి నేను పోసిన నీళ్లు

కొత్తగ ఉద్యోగంల చేరిన పశువుల డాక్టర్లు ఇద్దరు మొన్న హనుమకొండల మా ఇంటికి వచ్చిన్రు. సైలేజీల, అంటె పాతర గడ్డిల, కలిపే ప్యాకెట్లల్ల ఏది మంచిది మేడం అని అడిగిన్రు. నేను తిరిగి, ఏ నీళ్లల్ల కలుపుతాన్నరు అని అడిగిన. ఇద్దరు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. రిటైరై మేడంకు మతి తప్పింది అనుకున్నరేమో. చాయ్ తాగి, ఫోటో దిగి, బండి ఎక్కి పోయిన్రు.

వాళ్లు పోయినంక కూసొని ఇది రాస్తాన్న. ముప్పై ఏండ్లకు పైన పశువుల దవాఖానల్ల పనిచేసిన. ఏ ఏడు ఏ పోస్టు, ఎవరి సంతకం, ఏ ఫైలు, అవన్ని సర్వీసు పుస్తకంల ఉన్నయి. అక్కరున్నోళ్లు అందుల చదువుకోవచ్చు. నేను ఒక్క గుంత గురించి చెప్త. ఆ గుంతల నేను చేసిన తప్పు గురించి, దాన్ని దిద్దిన ఒక ఆడమనిషి గురించి చెప్త. కాలేజీల అయిదేండ్లు చదివిన దానికన్న ఆ ఒక్క ఏడు నేర్సుకున్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

దుకాణం బిడ్డ

మాది కిరాణా దుకాణం ఇల్లు. కాలేజీల చేరేదాక బర్రె ముందటికి తంతదా ఎనకకు తంతదా అన్నది కూడ నాకు తెల్వది. గాని ముక్కు మాత్రం గట్టిది. బెల్లం బుట్ట మూత తీయంగనే చెమ్మ పట్టిందా లేదా చెప్పేదాన్ని. చింతపండు పాతదో కొత్తదో కండ్లు మూసుకొని చెప్పేదాన్ని. మా నాయిన గిరాకీ ముందట నాతోని వాసన చూపిచ్చి మురిసేటోడు.

నా పై అధికారిని మేము పెద్దసారు అనేటోళ్లం. నేను డ్యూటీల చేరిన మొదటి రోజు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే డాక్టర్ నాకు పనికిరాదు అన్నడు. పేడ వాసన చూడాలె, నోటి వాసన చూడాలె, దాణా సంచిల చెయ్యి మునగబెట్టి చూడాలె. పెద్దసారు నోరు కారం. లోపల మనసు వెన్న అని అందరు అనేటోళ్లు గాని, ఆ వెన్న చూసేతందుకు నాకు మస్తు ఏండ్లు పట్టింది.

లచ్చక్క

ధర్మసాగర్ చెరువు అవతలి ఊర్లు నా కిందికి వచ్చినప్పుడు లచ్చక్క పరిచయమైంది. అప్పటికే యాభై దాటిన మనిషి. ఊర్ల పాలమ్ముకునే ఆడోళ్లు ఒక సంఘం పెట్టుకుంటే, దానికి పెద్ద ఆమెనే. ఆమెకు మూడు బర్రెలు, మిగిలినోళ్లకు ఒకటో రెండో. ఆమె చదువుకోలే. బర్రె నడక చూసి ఎన్ని నెలల సూడిదో చెప్పేది. నేను చెయ్యి పెట్టి పరీక్ష చేసి చెప్పినంక, గదే గదా నేనన్నది అన్నట్టు ఒక నవ్వు నవ్వేది. ఆమె లెక్క తప్పంగ నేను చూడలే.

ఆ ఊరికి ఒక్కటే బాధ. వానకాలం గట్ల మీద గడ్డి మేపేటోళ్లు లేక ముదిరిపోతది. ఎండకాలం వచ్చిందంటె బర్రెలకు ఎండిన వరిగడ్డి తప్ప ఇంకేం దొరకది. పాలు సగానికి పడిపోతయి. ఇగ సాకలేక ఏటా ఒకరో ఇద్దరో బర్రెను అంగడికి తోల్తరు. అమ్మిన బర్రె మళ్ల రాదు. లచ్చక్క సంఘం మొదలుపెట్టినప్పుడు పదిమంది, నేను పోయేసరికి ఎనిమిదిమంది.

నేను ఆమెకు పాతర గడ్డి గురించి చెప్పిన. పచ్చిగడ్డి సన్నగ నరికి, గుంతల వేసి, గాలి లేకుండ తొక్కి, పైన కవరు కప్పి మూసేస్తే నలభై అయిదు రోజులకు పులిసి మాగుతది. ఎండకాలం దాక చెడిపోదు. గడ్డిల ఉండే తీపిని కంటికి కనపడని మంచి పురుగులు తిని పులుపు చేస్తయి. ఆ పులుపే గడ్డిని కాపాడుతది. మంచి పురుగుల కన్న ముందు చెడ్డ పురుగులు ఎక్కువైతే కుళ్లిపోతది. అందుకే మంచి పురుగుల్ని మనమే ఒక ప్యాకెట్ల తెచ్చి, నీళ్లల్ల కలిపి గడ్డి మీద చల్లుతం.

ఆమె అంతా విని, పాలకు తోడేసినట్టే గదా డాక్టరమ్మా అన్నది. నేను క్లాసులల్ల గంటసేపు చెప్పే ముచ్చట ఆమె ఒక్క మాటల చెప్పింది. ఆనాటి నుంచి ఏ ఊరికి పోయినా నేను ఆమె మాటనే వాడుకున్న.

మిగిలిన ఏడుగురిని ఒప్పించింది కూడ ఆమెనే. నేను చెప్తే తల ఊపి ఇంటికి పోయేటోళ్లు. ఆమె ఇంటింటికి తిరిగి, ఈ ఏడు ఒక్క బర్రె కూడ అంగడికి పోవద్దు, జిమ్మ నాది అని చెప్పింది. అందరి సూపర్ నేపియర్ గడ్డి ఒక్క గుంతల వేద్దమని నిర్ణయం చేసిన్రు. నేను మస్తు సంబురపడ్డ. ఆ జిమ్మ నా మీద కూడ ఉన్నదని అప్పుడు నాకు సోయి లేదు.

గుంత నింపిన రోజు

బతుకమ్మ పండుగకు ముందు, వాన జర తెరిపిచ్చిన రోజు గడ్డి కోసిన్రు. నేపియర్‌ల నీరెక్కువ, తీపి తక్కువ. మక్కజొన్న పులిసినట్టు ఇది దానంతట అది మంచిగ పులవది. దానికి సాయం కావాలె. లచ్చక్క గుప్పెడు నరికిన గడ్డి తీసి పిడికిట్ల పిసికింది. వేళ్ల సందుల నుంచి నీళ్లు కారినయి. ఇది పచ్చడి పెట్టే తీరుగ లేదు, మామిడికాయ తుడువకుండ ఎవరన్న కారం కలుపుతరా అన్నది. గడ్డి ఒక పూట ఎండల వాడవెడదమంటె మిషన్ కిరాయి ఒక్క రోజుకే మాట్లాడుకున్నం. అప్పుడు ఆమెనే ఉపాయం చెప్పింది. ఒక వరుస నేపియర్, ఒక వరుస నరికిన ఎండు వరిగడ్డి. ఎండుది నీరు గుంజుకుంటది. పుస్తకంల ఉన్న ముచ్చటే అది. ఆమె ఏ పుస్తకం చదువలే.

తొక్కే పని ఆమె పంచిన తీరు చూడాలె. గాలి ఎక్కువ మిగిలేది గుంత అంచులల్ల. అందుకని బరువున్నోళ్లంత అంచులకు పోన్రి, బక్కోళ్లు నడుమల తొక్కున్రి అన్నది. అని నా దిక్కు చూసి నవ్వు ఆపుకున్నది. నేను చెప్పులు విడిచి అంచుకు పోయి నిలబడ్డ. ఎనిమిదిమంది ఇరగబడి నవ్విన్రు. పొద్దూకే దాక తొక్కినం. ఇప్పటికీ చెప్త, అంత మంచిగ తొక్కిన గుంతను నేను నా సర్వీసుల మళ్ల చూడలే.

ఇగ నా ఘనకార్యం వినుండ్రి. ప్యాకెట్ కలిపేతందుకు లచ్చక్క బాయి నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చింది. జర పచ్చగ ఉన్నయి. నేను చూసి, ఛీ, ఈ నాచు నీళ్లా, ట్యాంకు నీళ్లు తెప్పియ్యుండ్రి అన్న. ఊర్ల విషజరాలు ఉన్నయని పంచాయతీ మనిషి పొద్దుగాలనే ట్యాంకుల బ్లీచింగ్ పౌడర్ వేసిండు. బిందె మూతి దగ్గర ముక్కు పెడితే ఘాటు గుప్పుమన్నది. నేను మెచ్చుకున్న కూడ. నీళ్లంటె ఇట్లుండాలె, శుద్ధంగ అన్న. మా నాయిన మురిసిన ముక్కు ఆ రోజు నాకు ఎంత చెప్పినా నేను వినలే.

ఇంకొకటి. లచ్చక్క ఇంట్ల నుంచి బెల్లం గడ్డలు తెచ్చి పెట్టింది. తీపి తక్కువన్నవు గదా, ఇది కరిగిచ్చి పోద్దమా అన్నది. ప్యాకెట్ ఉండంగ బెల్లం ఎందుకు, దాసుకో అన్న. నా చేతుల ఉన్నది సైన్సు గదా.

డిసెంబర్

నలభై అయిదు రోజులకు ఇంకో రెండు వారాలు ఎక్కువనే ఆగి, డిసెంబర్‌ల గుంత తెరిచినం. ఎనిమిదిమంది వచ్చిన్రు. కవరు ఒక మూల లేపంగనే తెల్సిపోయింది. మంచి పాతర గడ్డి పులిసిన మజ్జిగ లెక్క, జర తీపి కలిసి, నోట్ల నీళ్లూరే వాసన కొడ్తది. ఇది ముక్కిపోయిన నెయ్యి, మురికి కాలువ కలిసినట్టు కొట్టింది. రంగు నల్లగ. చేత పట్టుకుంటె జిగట. పైన మాత్రమే ఇట్లుండొచ్చని తవ్వి చూసినం. నడుమల తవ్వినం, అడుగుల తవ్వినం. అంతట అదే.

సరోజన అని సంఘంల అందరికన్న చిన్నది ఉండె. ఆమెకు ఉన్నది ఒక్కటే బర్రె, అది సూడిది. ఆమె అత్త మొదటి నుంచి దాన్ని అమ్ముదమనే అంటాంది. సరోజన గుంత ఒడ్డున కూసొని, నీ మాట పట్టుకొని ఉన్న గడ్డంత ఇందుల పోసిన లచ్చవ్వా అన్నది. నన్ను ఒక్క మాట అనలే. అందరు లచ్చక్క దిక్కే చూసిన్రు. జిమ్మ నాది అన్నది ఆమెనే గదా.

బర్రెలకు జర్రంత పెట్టి చూద్దమా అని ఎవరో అడిగిన్రు. వద్దన్న. కుళ్లిన పాతర గడ్డి తింటె పాలు పోవుడే కాదు, సూడి బర్రె ఈసుకపోవచ్చు, కడుపు నిలువది. పిల్లలకు బువ్వ లేదని పాసిపోయింది పెడ్తమా అని లచ్చక్క కూడ అన్నది. ఆమెనే పార అందుకొని ఆ గడ్డంత పెంట కుప్పకు మోయబట్టింది. కొంగు నడుముకు చెక్కి, మొకం ఇటు తిప్పకుండ మోసింది. నేను కూడ తట్ట పట్టుకుంటె వద్దనలే, రమ్మనలే.

ప్యాకెట్ ఎనక

దవాఖానకు వచ్చి అలమారల ఉన్న ఖాళీ ప్యాకెట్ తీసిన. ఎనక దిక్కు సన్న అక్షరాలు. అద్దాలు పెట్టుకొని చదివిన. క్లోరిన్ కలిపిన నీళ్లు వాడొద్దు అని ఉన్నది. బ్లీచింగ్ చెడ్డ పురుగుల్ని చంపుతది, మంచి పురుగుల్ని మాత్రం ఇడిచిపెడ్తదా? తోడు మజ్జిగను మసిలే పాలల్ల పోసినట్టు, బతికున్న దాన్ని బిందెలనే చంపి, ఆ చచ్చిన నీళ్లు గుంతంత చల్లిన. పైన బెల్లం కూడ వద్దన్న. గడ్డికి నేను అందిచ్చిన సాయం ఏమీ లేదు. బాయి నీళ్లు పోసుంటె ఇదంత అయ్యేది కాదు.

పెద్దసారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన కుర్చీల ఎనకకు వాలి, వానలు ఎక్కువై గడ్డి చెడ్డది అని రాసి పంపియ్యి అన్నడు. లేకుంటె కవరు సక్కగ కప్పలేదని రాయి. సారు, వాళ్లు దివ్యంగ కప్పిన్రు అన్న. అయితే నువ్వేమన్న హరిశ్చంద్రుని చుట్టానివా, ఇవ్వాళ తప్పొప్పుకుంటె రేపటి నుంచి ఏ రైతు నీ మందు బర్రెకు తాపుతడు అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. ఆ మాటల కొంత నిజం ఉన్నది గూడ. చిన్న డాక్టర్లు ఇది యాదుంచుకోవాలె. అబద్ధం చెప్పుమనేటోళ్లు ఎప్పుడూ మన మంచి కోరినట్టే చెప్తరు.

ఆ రాత్రి నాకు నిద్ర రాలే. వాన మీద తోస్తే నా పేరు మిగులుతది. గాని ఊర్ల లచ్చక్క పేరు పోతది. ఆమె చేసిన ప్రతి పని ఒప్పు, నేను చేసిన రెండు పనులు తప్పు, నింద మాత్రం ఆమె మీద ఉన్నది. సిగ్గుతోని సచ్చిపోవాలనిపిచ్చింది. అంతకన్న ఎక్కువ భయమైంది.

తెల్లారి సంఘం అందరిని పిలిపిచ్చి చెప్పిన. బాయి నీళ్లు వద్దన్నది నేను, బ్లీచింగ్ నీళ్లు తెప్పిచ్చింది నేను, బెల్లం దాసుకోమన్నది నేను. మీరు తొక్కిన తొక్కుడుల తప్పు లేదు, లచ్చక్క మాటల తప్పు లేదు. ప్యాకెట్ మీద రాసున్నది నేను చదువలే. ఇంతే చెప్పిన. సరోజన లేచి ఎల్లిపోయింది. ఒకలెనక ఒకలు అందరు పోయిన్రు. లచ్చక్క ఒక్కతి కూసున్నది.

మళ్ల ఎప్పుడు చెయ్యొచ్చు అని అడిగింది.

నాకు సమజ్ కాలే. ఏంది మళ్ల అన్న. పాతర అన్నది. గడ్డి అయిపోయింది గదా అన్న. నా మక్క ఉన్నది గదా అన్నది.

ఆమెకు బోరు కింద ఎకరం యాసంగి మక్క ఉన్నది. కంకి ఎండినంక ఇరిసి, కేసముద్రం మార్కెట్ల అమ్ముకునే పంట అది. ఆ ఇంటికి ఏడాదిల వచ్చే పెద్ద ఆసరా అదే. పాతరకు వేయాలంటె గింజ పాలు పోసుకొని పిండి కట్టే యాళ్లకు, పచ్చిగ ఉండంగనే, కంకితో సహా నరకాలె. అంటె గింజ చేతికి రాదు.

నేను వద్దన్న. ఒక్కసారి నా మాట విని చెడ్డవు, చాలు అన్న. నన్నెట్ల నమ్ముతవ్ లచ్చక్కా అని గట్టిగనే అడిగిన.

"ఈ ఊరికి మస్తుమంది డాక్టర్లు వచ్చిన్రు," అన్నది. "ఒకలు కూడ నాది తప్పు అని చెప్పి పోలే. చెప్పినామెనే మళ్ల పిలుస్తాన్న. ఈసారి నీళ్లు మాత్రం నేను తెస్త."

ఆ నలభై అయిదు రోజులు

ఫిబ్రవరిల మక్క నరికినం. గింజ మీద గోరు గుచ్చి చూసుడు లచ్చక్క పని. పాలు చిమ్మితే ఇంకా ఆగాలె. గోరుకు మెత్తటి పిండి అంటితే సరైన యాళ్ల. బాయి నీళ్లు ఆమెనే తెచ్చింది. నేను ప్యాకెట్ ముందు ఎనక రెండు సార్లు చదివి, గోరువెచ్చటి నీళ్లల్ల జర బెల్లం కలిపి, ప్యాకెట్ అందుల పోసి, కాసేపు ఆగి, స్ప్రే పంపుతోని వరుస వరుసకు చల్లిపిచ్చిన. ఆ పంపుల అంతకు ముందు పురుగు మందు కొట్టలేదు గదా అని కూడ అడిగిన. కొత్త పంపు అని చూపిచ్చిన్రు. నడుమల ఒక జీపు వచ్చి ఆగింది. పెద్దసారు దిగిండు. ఎనక సీట్ల చక్కెర ఫ్యాక్టరీ బెల్లం మడ్డి డబ్బాలు రెండు. నీ అసుంటి హరిశ్చంద్రులతోని నా ప్రాణం పోతాంది అనుకుంట ప్యాంటు మోకాళ్ల దాక మడిచి గుంతల దిగిండు. ఆయన కూడ బరువున్న మనిషే, అంచుకు తోలిన్రు.

నిజం చెప్పాలంటె మక్కకు అంత మడ్డి అక్కర లేదు, దాని తీపి దానికి ఉంటది. అందుకని ఒక డబ్బా మూత తీయకుండ పక్కకు పెట్టిపిచ్చిన. పెద్దసారు గుర్రుగ చూసిండు. కలిపేది ఏదైనా ఆ గడ్డికి కావాల్నా వద్దా అని ముందు అడగాలె. నేపియర్‌కు, పిల్లిపెసర అసుంటి పప్పుజాతి మేతకు తీపి కావాలె. మక్కకు తొక్కుడు కావాలె, మూసుడు కావాలె, ప్యాకెట్ ఆ తర్వాత. తొక్కని గుంతల ఎంత ఖరీదు ప్యాకెట్ పోసినా బూడిదల పోసిన పన్నీరే. ప్యాకెట్లు అమ్మేటోళ్లు ఇది చెప్పరు. వాళ్లను అనవలసిన పని లేదు, చెప్పవలసింది మనం.

యూరియా ముచ్చట కూడ ఇక్కడనే చెప్పాలె. మక్క పాతరల దాణా బలం పెంచేతందుకు యూరియా కలుపుతరు. తూకం వేసి, నీళ్లల్ల కరిగిచ్చి, అంతట సమానంగ చల్లితె మంచిదే. ఒక ఊర్ల ఒకాయన పొలంల చల్లినట్టు గుప్పిళ్లతోని చల్లిండు. గడ్డలు ఒక్కకాడ పడ్డయి. రెండు ఎద్దులు పొట్ట ఉబ్బి, వణుక్కుంట పడ్డయి. నేను పోయేసరికి ఒకటి పోయింది, రెండో దానికి చల్లటి నీళ్లల్ల సిర్కా, అంటె వెనిగర్, కలిపి తాపి బతికిచ్చినం. యూరియా చేతిల పట్టుకునేటప్పుడు మందు సీసా పట్టుకున్నట్టే ఉండాలె.

నాకు ఇన్నేండ్లల్ల తరుగని ఆశ్చర్యం ఒకటి ఉన్నది. ప్యాకెట్ల ఉన్నది తెల్లటి పొడి, చిటికెడు నాలికె మీద పెడితే రుచి కూడ ఉండది. అది చీకట్ల, గాలి లేని కాడ, ఎవరు చూడకుండ, బండ్ల కొద్ది గడ్డిని కాపాడుతది. దేవునికి దండం పెట్టినట్టు దానికి పెట్టాలనిపిస్తది. ఒక్కటే అడుగుతది అది, నన్ను సంపకు అని. మనకు అదే చేతకాదు.

ఆ నలభై అయిదు రోజులు నేను ఆ ఊరికి ఏదో ఒక పని పెట్టుకొని పోతనే ఉన్న. కవరుకు కుక్క గోరు తాకిందా, ఎలుక బొక్క పెట్టిందా అని చుట్టు తిరిగేదాన్ని. లచ్చక్క అందరి ముందు నవ్వుకుంట తిరిగేది. కోసిన చేను మోళ్ల దిక్కు చూసినప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండకపోయేది.

తెరిచిన రోజు

ఏప్రిల్ నడిమిట్ల తెరిచినం. అప్పటికి ఎండలు దంచుతాన్నయి. సరోజన బర్రె ఈనింది గాని పాలు చారెడు కూడ లేవు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వచ్చే అంగడికి తోలుడే అని అత్త తీర్మానం చేసింది. అంగడి తెల్లారే. పొద్దున నేను ఇంట్ల చాయ్ కూడ ముట్టకుండ బస్సెక్కిన.

ఈసారి కవరు లేపింది లచ్చక్క. నేను దూరం నిలబడ్డ, దగ్గరికి పోయే ధైర్యం లేదు. ఆమె వంగి గుప్పెడు తీసి వాసన చూసింది, మళ్ల చూసింది. ఆ గుప్పెడు తెచ్చి నా చేతుల పెట్టింది. పసుపు కలిసిన ఆకుపచ్చ. పొడి పొడిగ ఉన్నది, చేతికి జిగట లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటె పులిసిన మజ్జిగ వాసన, ఎనక నుంచి మక్క తీపి. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దాసుకోలే.

లచ్చక్క మొదటి గంప తన బర్రెలకు పట్టుకపోలే. సీదా సరోజన ఇంటికి నడిచింది. మేమందరం ఎనక పోయినం. ఆ బర్రె ముందట గడ్డి పోసింది. బర్రె వాసన చూసింది. ముక్కు చీదింది. మొకం పక్కకు తిప్పుకున్నది.

సరోజన అత్త గడప దగ్గర నిలబడి, చూసిన్రా, పశువుకున్న తెలివి కూడ లేకపాయె మీకు అన్నది. కొత్త వాసన గదా, పశువులు ఒక్కపాలి ముట్టవు, అలవాటు కావాలె అని నాకు తెల్సు. ఎన్ని ఊర్లల్ల చెప్పిన ముచ్చట అది. అలవాటయ్యేదాక ఆగే యాళ్ల లేదు. తెల్లారితె అంగడి, ఇయ్యాల ఇది తినకపోతె నా మాటకు ఇలువ లేదు, లచ్చక్క మక్క అంత వట్టిగ పోయినట్టే. నేను అరుగు మీద కూసున్న.

లచ్చక్క ఇంట్లకు పోయి గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు తెచ్చి గడ్డి మీద చల్లింది. జర ఎండు వరిగడ్డి కలిపింది. బర్రె గంగడోలు కింద గీకుకుంట దాని పక్కన నిలబడ్డది. మిగిలినోళ్లు చుట్టు నిలబడ్డరు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒకరిద్దరు పనికి పోయిన్రు. బర్రె తవుడు నాకింది. నాకుతాంటె నాలికెకు గడ్డి అంటింది. నమిలింది. ఆగింది. మళ్ల తల దించింది, ఈసారి తవుడు లేని దిక్కు మూతి పెట్టింది. కంకి ముక్కలు పండ్ల కింద పటపట ఇరుగుతాన్నయి. తల ఎత్తలే.

సరోజన అత్త జరసేపు చూసి, లోపలికి పోయి, తొట్టిల నీళ్లు నింపబట్టింది. తెల్లారి ఆ ఇంటి నుంచి అంగడికి ఎవరు పోలే. ఆ ఎండకాలం ఆ ఎనిమిదిమందిల ఎవరు పోలే.

నేను ఇంకా అరుగు మీదనే ఉన్న, పొద్దుటి నుంచి ఏం తినలే. లచ్చక్క వాళ్లింటికి పోయి గిన్నెల బువ్వ, మీద ఇంత పప్పు వేసుకొని తెచ్చింది. అప్పటిదాక నన్ను డాక్టరమ్మా అనే పిలిచిన మనిషి, గిన్నె నా ఒళ్లె పెట్టి అన్నది:

"అది తింటాంది. ఇగ నువ్వు తిను చెల్లె."